కుప్పకు ముప్పై అడుగులు

మజ్జి పురుషోత్తం చెత్త డబ్బులు కట్టకపోవడానికి కారణం పిసినారితనం కాదు, సిద్ధాంతం. నెలకి అరవై రూపాయలు అతనికొక లెక్క కాదు. కాలేజీ క్యాంటీన్లో తోటి లెక్చరర్లకి టీలు తాగించడానికే అంతకి మూడింతలయ్యేది. ఆ టీలు తాగుతూ వాళ్లు వినేది కూడా చెత్త డబ్బులు ఎందుకు కట్టకూడదన్న సంగతే. ఇంటిపన్నులో పారిశుద్ధ్యం ఉండగా మళ్లీ వేరే పారిశుద్ధ్యం ఏమిటని అతని వాదన. ఆ వాదనకి నాలుగు ఉపవాదనలు, ఒక ఫుట్‌నోటు ఉండేవి. అతని వీధిలో ముప్పై ఎనిమిది ఇళ్లవాళ్లకీ అది బాగా నచ్చింది. ఎకనామిక్స్ పాఠం చెప్పే మనిషే వద్దంటుంటే మనం కట్టడం చదువుని అవమానించడమే అవుతుందని అందరూ కట్టడం మానేశారు.

ఈ కథ తర్వాతి రోజుల్లో ఎక్కువసార్లు చెప్పింది పురుషోత్తమే. చెబుతూ ఎక్కువ నవ్వింది కూడా అతనే. అందుకని మనం కూడా మొహమాటపడక్కర్లేదు.

ఊరి పేరు అవసరం లేదు. ఉత్తరాంధ్రలో రైల్వే గేటు దగ్గర ఆగి, ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్న వాళ్లందరికీ తెలిసిన ఊరే. ఆ ఊరి పురపాలక సంఘం నుంచి ఒకనాడు పురుషోత్తానికి ఉత్తరం వచ్చింది. పైన విషయం ఇలా ఉంది: "గృహస్థులు చెత్త సేవా రుసుము చెల్లించుటకు లేక చెల్లించకుండుటకు గల కారకములను అధ్యయనము చేయుట గురించి." గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అతను ముందు ఉలిక్కిపడ్డాడు. రెండోసారి చదివాక అర్థమైంది, పట్టుకోవడానికి కాదు, పెద్దపీట వెయ్యడానికి పిలిచారని. పదేళ్ల కిందట అతను ఒక పత్రికలో చెత్త మీద వ్యాసం రాశాడు. ఆ వ్యాసాన్ని చదివిన మూడో మనిషి కమిషనరు.

కమిషనరు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి పరిస్థితి వివరించాడు. నూరిళ్లలో పదిహేడిళ్లే కడుతున్నాయి. పై నుంచి చీవాట్లు వస్తున్నాయి. "ప్రజలు ఎందుకు కట్టడం లేదో మాకు తెలియక కాదు ప్రొఫెసర్ గారూ," అన్నాడు. "సాక్ష్యాధార సహితంగా తెలియదు." లెక్చరరుని ప్రొఫెసర్ గారూ అన్న మనిషికి ఏ పనైనా చేసిపెట్టొచ్చు. పురుషోత్తం ఒప్పుకున్నాడు. మీరు కడుతున్నారా అని కమిషనరు అడగలేదు, అతనూ చెప్పలేదు. పరిశోధకుడు నిష్పాక్షికంగా ఉండాలి కదా.

నెలరోజులు కూర్చుని ప్రశ్నావళి తయారుచేశాడు. అరవై నాలుగు ప్రశ్నలు. చదువు, సంపాదన, ఇంట్లో తలలు, వంటగది కొలతలు, వాసన తీవ్రత ఒకటి నుంచి ఏడు వరకు, అన్నీ ఉన్నాయి. ఇరవై రెండో ప్రశ్న, "మీ ఇంట్లో చెత్త తయారవుతున్నట్టు మీరు మొదటిసారి ఎప్పుడు గమనించారు?" చిత్తు కాపీలు ఎన్ని రాశాడో, ఎన్ని చించాడో లెక్కలేదు. రోజూ పొద్దున్న నీలం బకెట్టు నిండా కాగితాలు వీధిలోకి వెళ్లేవి.

సర్వే మొదలైన రోజున పురపాలక కార్యాలయం ముందు సందడే సందడి. కమిషనరు పచ్చజెండా ఊపి, సర్వేకి వెళ్లే కాలేజీ విద్యార్థుల ఆటోలని సాగనంపాలి. అక్కడ చెత్తబళ్లు నాలుగు అడ్డంగా ఉన్నాయి. శానిటరీ ఇన్‌స్పెక్టరు తవిటినాయుడు పరిగెత్తుకెళ్లి, బళ్లు తోసే ఆడవాళ్లని గోడవారకి జరగమన్నాడు. వాళ్లు జరిగారు. ఫొటోలు తీశారు. చెత్త డబ్బులు ఎవరు కడతారో ఎవరు కట్టరో తెలుసుకోవడానికి ఆటోలు ఆ ఆడవాళ్ల పక్కనుంచే ఊరిమీదికి వెళ్లాయి. ఆ సంగతిలో నవ్వుకోవలసింది ఏముందో పురుషోత్తానికి ఆరోజు తట్టలేదు.

ఇళ్లని చీటీలు తీసి ఎంచారు. మూడువందల ఇళ్లు. జనం తోచినట్టు జవాబిచ్చారు. ఒకావిడ కూర మాడిపోతోందమ్మా అని తలుపేసుకుంటే, విద్యార్థిని దాన్ని "సమయాభావం" కింద రాసుకొచ్చింది. చీటీల్లో పురుషోత్తం ఇల్లు కూడా తగిలింది. తను ఆ పూట కావాలనే బయటికెళ్లిపోయాడు. అతని భార్య హైమావతి జవాబులు చెప్పింది. ఆ ఫారం నెంబరు నూట పన్నెండు. అందులో "రుసుము కడుతున్నారా?" అన్నచోట "కడుతున్నాం" అని ఉంది. "కారణం?" అన్నచోట, ఇచ్చిన పన్నెండు కారణాలూ వదిలేసి, "ఇతరములు: నర్సమ్మ" అని ఉంది.

పురుషోత్తం ఆ ఫారం చూసి జాలిగా నవ్వుకున్నాడు. పాపం హైమావతి, స్టూడెంటు ముందు పరువు కోసం కడుతున్నామని చెప్పేసి ఉంటుంది. ఇలాంటి అబద్ధాలకి పరిశోధనలో పేరు కూడా ఉంది. ఇక నర్సమ్మంటే ఆవిడ మేనత్తో, దేవతో అయి ఉంటుంది. భార్యని అడగొచ్చు, కానీ ఇంట్లో అడిగితే పరిశోధన మైలపడిపోతుంది. ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన "పొరపాటు నమోదు" అని రాసి సంతకం చేశాడు. మిగిలినవి రెండువందల తొంభై తొమ్మిది.

ఫలితాలు చిత్రంగా వచ్చాయి. సంపాదనకీ కట్టడానికీ సంబంధం లేదు. ఇంట్లో మనుషుల సంఖ్యకీ లేదు. చదువుకి సంబంధం ఉంది గానీ తలకిందులుగా ఉంది. చదువు పెరిగేకొద్దీ వాదన పెరిగింది, కట్టడం తగ్గింది. లెక్చరర్లు పట్టికలో అట్టడుగున ఉన్నారు. ఆ వరుసని అనుబంధంలోకి తోసేశాడు. ఆఖరికి ఒకే ఒక్క కారకం నిలబడింది. వీధి మొగలో చెత్తకుప్ప ఉంటుంది కదా, దానికి ముప్పై అడుగుల లోపున్న ఇళ్లలో పదింట తొమ్మిది కడుతున్నాయి. ఆవలున్నవాటిలో పన్నెండింట ఒకటి. పురుషోత్తం ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. నివేదికలో రాశాడు: "చెత్తకుప్పకు సామీప్యము చెల్లింపు సుముఖతను గణనీయముగా పెంచుచున్నది." కంపు అనుభవించేవాడికే శుభ్రం విలువ తెలుస్తుందని, కాబట్టి మిగతావారికి అవగాహన కల్పించాలని అతని ఉద్దేశం. ఆ ముక్క కిందిపేజీలో రాశాడు. పేజీ ఎవరు తిప్పుతారు?

కౌన్సిల్ సమావేశంలో కమిషనరు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీశాడు.

"కుప్పకు దగ్గరున్నవారు కడుతున్నారు. దూరమున్నవారు కట్టడం లేదు. జనాన్ని కుప్ప దగ్గరికి తరలించడం మన అధికార పరిధిలో లేదు. కుప్పని జనం దగ్గరికి తరలించడం ఉంది."

సభ్యులు బల్లలు చరిచారు. పురుషోత్తం లేచి, అయ్యా నేనన్నది అది కాదు, అనడానికి అరనిమిషం వ్యవధి దొరికింది. లేవబోయాడు కూడా. సరిగ్గా అప్పుడే కమిషనరు, దీన్ని ఇకమీదట రికార్డుల్లో "మజ్జి పురుషోత్తం సూత్రం"గా వ్యవహరించాలని ప్రతిపాదించాడు. ఇంటిపేరుతో సహా. అతను సగం లేచినవాడు లేచినట్టే నమస్కారం పెట్టి కూర్చున్నాడు. మనిషి నోరు మూయించడానికి లంచాలూ బెదిరింపులూ అక్కర్లేదు, పేరు పెడితే చాలని అతను తర్వాత చెప్పుకునేవాడు.

పథకం పదిహేను రోజుల్లో మొదలైంది. ప్రతి ఇంటికీ ముప్పై అడుగుల లోపు కుప్ప ఉండాలి. టేపులు పట్టుకుని సర్వేయర్లు తిరిగారు. కుప్పలని కుప్పలనకూడదని ఉత్తర్వు వచ్చింది. ఒక్కోదాని మీద పచ్చబోర్డు పాతారు: "సుముఖతా కేంద్రము. తొలగించరాదు." మొదటి కేంద్రానికి కొబ్బరికాయ కొట్టారు. ఒక వార్డు మెంబరు, పక్క వార్డులో కుప్ప నడుమెత్తు ఉంటే మా వార్డులో మోకాలెత్తే ఉందని, ఇది వివక్ష అని నిరాహారదీక్షకి కూర్చున్నాడు. పాపం నిజమే, ఊళ్లో అంత చెత్త లేదు. ఊరి బయట డంపింగ్ యార్డులో ఏళ్ల తరబడి పేరుకున్నది లారీలకెత్తి వెనక్కి తెచ్చారు. అదీ చాలక పొరుగు పురపాలక సంఘాన్ని అప్పడిగారు. వాళ్లు అప్పెందుకు, ఊరికే తీసుకోండి అన్నారు. ఇంత ఉదారమైన పొరుగువాళ్లు దొరకడం అదృష్టమని కమిషనరు కృతజ్ఞతలు తెలిపాడు.

మొదటి పక్షంలో జనం ఎగబడి కట్టారు. కడితే కుప్ప తీసేస్తారని వాళ్ల ఆశ. కౌంటర్ల దగ్గర వరసలు కట్టారు, తోసుకున్నారు. కమిషనరు పురుషోత్తానికి ఫోన్ చేసి, సూత్రం రుజువైందని గద్గద స్వరంతో చెప్పాడు. కట్టినవాళ్లు రసీదులు పట్టుకొచ్చి కుప్ప తియ్యమన్నారు. తవిటినాయుడు వాళ్లకి ఓపికగా బోధించాడు. మీరు కట్టింది కుప్ప వల్ల. కుప్ప తీసేస్తే మీలో సుముఖత పోతుంది. మీ సుముఖతని కాపాడడం మా బాధ్యత. అది విని జనం కట్టడం మానేశారు. దానికీ కార్యాలయం దగ్గర జవాబుంది. ముప్పై అడుగులు చాలడం లేదు కాబట్టి పదిహేనుకి తగ్గించారు.

అప్పుడొచ్చింది అసలు ఫైలు. చెత్త తొలగించడం సుముఖతకి భంగం కాబట్టి, తొలగించేవాళ్లు దండగ. బళ్లు తోసే పద్నాలుగుమంది ఆడవాళ్లని ఒకటో తారీఖు నుంచి మస్టరులోంచి తీసెయ్యాలని ప్రతిపాదన. దానికి నిపుణుడి అభిప్రాయం జతచేయాలి. నిపుణుడంటే పురుషోత్తమే. శనివారం కౌన్సిల్లో అతనికి సన్మానం, అదే వేళకి సంతకం. ఫైలు ఇంటికి పంపారు. తనకి తెలియని పద్నాలుగు పేర్లున్న కాగితం కదా అని పురుషోత్తం ఫైలుని టీవీ పక్కన పెట్టుకుని, సన్మానానికి వేసుకెళ్లే చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు.

శుక్రవారం పొద్దున్న గేటు బయట చప్పుడైతే వెళ్లి చూశాడు. ఆ వీధి వంతు అప్పటికి వచ్చింది. వీధిలో మొదటి సుముఖతా కేంద్రం సరిగ్గా నడిమధ్యలో పెట్టాలని నియమం. టేపు వేస్తే నడిమధ్య అతని గేటుస్తంభం దగ్గరికి వచ్చింది. స్తంభం మీద సున్నంతో గుర్తు పెట్టి ఉంది. లారీ అప్పుడే దింపేసి పోయింది. ఆకుపచ్చ చీర మీద ఖాకీ కోటు వేసుకున్న ఒకావిడ, రోడ్డు మీద చెదిరిన చెత్తని చీపురుతో గుర్తు దగ్గరికి ఊడుస్తోంది. ఊడవడానికి మనసు రానట్టు మెల్లిగా ఊడుస్తోంది.

ఇది నా ఇల్లమ్మా, అన్నాడు పురుషోత్తం.

"తెలుసు బాబూ. కాయితాల బాబు ఇల్లు," అందావిడ. "ఏటి సేస్తాం, మద్దెన ఇదేనంట."

కంపుకి కళ్లు తిరుగుతున్నా పురుషోత్తంలో పాఠం చెప్పే మనిషి చావలేదు. ఇది ఆవిడ మీద కోపంతో కాదని, శాస్త్రమని, కుప్పకి దగ్గరున్నవాళ్లే డబ్బులు కడుతున్నారని మూడువందల ఇళ్లు తిరిగి కనిపెట్టామని ముక్కు మూసుకునే చెప్పాడు. రెండువందల తొంభై తొమ్మిది అని సవరించుకున్నాడు కూడా. ఆవిడ చీపురు మీద ఆనుకుని చివరంటా విన్నది.

"ఆలు కుప్ప కాడున్నారని కట్టరు బాబూ. కుప్ప కాడ నాను కూకుంటాను. బండి దించీసి, పలాస్టిక్ ఏరుకుని, ఆడే సద్దన్నం తింటాను. సుట్టూ ఇళ్లోళ్లు నీళ్లిస్తారు, పచ్చడిముక్కేస్తారు. ఆలింట్లో కోడలికి నెలలెన్నో నాకు తెలుసు, నా కూతురికి జరమొచ్చినాదని ఆలకి తెలుసు. నెలాకరున, అమ్మా సీటీ రాయించుకోండి, నేకపోతే మాకు జీతాలు రావంట అంటే, తెచ్చిచ్చీస్తారు. దూరపోళ్లు బకిట్టు గేటవతల పెట్టీసి తలుపేసుకుంటారు. మొకమే సూడనోళ్లని నానేటని అడుగుతాను?"

పురుషోత్తం ముక్కు మీంచి చెయ్యి తీసేశాడు. అరవై నాలుగు ప్రశ్నలూ అతని కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. వంటగది కొలత అడిగాడు. వాసన కొలత అడిగాడు. చెత్త ఎవరికిస్తున్నారు, వాళ్ల పేరేమిటి అని ఒక్కదాంట్లోనూ అడగలేదు. ఊరు ఊరంతా అడిగినవాడు, పచ్చజెండా రోజున గోడవార నిలబడ్డవాళ్లని అడగలేదు.

ఏదో ఒకటి అనాలి కాబట్టి, మా వీధి దూరం కదా, మా ఇంటికి కుప్ప వచ్చిందంటే న్యాయమేలే అన్నాడు.

"మీ ఇంటికేటి బాబూ, అమ్మగారు నెలనెలా కడతారు గదా. మూడేళ్లయినాది. ఈ ఈదిలో కట్టేది మీరొక్కలే."

నీ పేరేమిటమ్మా అని అడిగాడు. మూడేళ్లుగా పొద్దున్నే తన చెత్త మోసుకెళ్తున్న మనిషిని అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

"అప్పలనర్సమ్మ. అందరూ నర్సమ్మంటారు."

ఫారం నెంబరు నూట పన్నెండు. ఇతరములు: నర్సమ్మ. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అసలు జవాబు తన ఇంటి ఫారంలోనే ఉంటే, దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, సంతకం చేసి మరీ అవతల పారేశాడు. మొత్తం సర్వేలో తప్పని కొట్టేసింది ఆ ఒక్కటే. మొత్తం సర్వేలో ఒప్పు కూడా బహుశా ఆ ఒక్కటే.

లోపలికెళ్లేసరికి హైమావతి వంటింట్లో పప్పు తాలింపు పెడుతోంది. తనకి చెప్పకుండా కడుతున్నావా అని అడిగాడు.

"మీకు సిద్ధాంతం ఉంది, మీరు కట్టలేదు," అంది ఆవిడ గరిట తిప్పుతూ. "నాకు సిద్ధాంతాలు లేవు. నర్సమ్మ ఉంది. మొన్న మీ స్టూడెంటు అడిగితే చెప్పానుగా."

అని ఊరుకోలేదు. నర్సమ్మ కూతురు ఈ ఏడు పదో తరగతి రాస్తోందని, ఒకటో తారీఖు నుంచి పని లేదని చెప్పేశారని, ఎవరో పెద్ద చదువుకున్నాయన సంతకం పెడితే అయిపోతుందట అని చెప్పింది. ఆ పెద్ద చదువుకున్నాయన ఎవరో ఆవిడకి తెలుసో తెలియదో మొహం చూస్తే బోధపడలేదు. పురుషోత్తం హాల్లోకి వచ్చి టీవీ పక్కనున్న ఫైలు తెరిచాడు. జాబితాలో నాలుగో పేరు, సీర అప్పలనర్సమ్మ. అతనికి నిజంగా సిగ్గేసింది. వాదనలు తెలిసినవాడికి సిగ్గు అరుదుగా వస్తుంది, వస్తే కూర్చోనివ్వదు.

శనివారం కౌన్సిల్ హాలు కిక్కిరిసింది. వెళ్లగానే నిజం చెప్పేస్తానని ఇంటి దగ్గర ఒట్టు పెట్టుకుని బయల్దేరాడు. వెళ్లగానే శాలువా కప్పారు. పరిచయ వాక్యాల్లో అతన్ని ఆర్థికశాస్త్ర శిఖరమన్నారు. శిఖరం అన్నంతసేపూ ఆగి, చప్పట్లు అయ్యేదాకా కూడా ఆగి, అప్పుడు లేచాడు. ఈ ఆలస్యం గురించి అతనెప్పుడూ దాచుకోలేదు. శాలువా కింద చెమటలు కారుతుండగా, అయ్యా, నా సూత్రం తప్పు, అన్నాడు. కుప్ప వల్ల కాదు, కుప్ప దగ్గర కూర్చునే నర్సమ్మ లాంటి మనిషి వల్ల కడుతున్నారు. ఆ మనిషిని అడగకపోవడం నా బుద్ధితక్కువ. సంతకం పెట్టలేను.

కమిషనరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ప్రొఫెసర్ గారూ, మీరు పొరపడ్డారంటున్నారు. సదరు పొరపాటు ఈ కౌన్సిల్ తీర్మానం పొందింది. తీర్మానం పొందాక అది పొరపాటు కాదు, విధానం. విధానాన్ని వ్యక్తిగతంగా ఉపసంహరించుకోవడానికి మీకు అధికారం లేదు."

సంతకం లేకపోయినా ఫైలు నడుస్తుందేమో, తను చెప్పిన నిజం శాలువా ఖరీదు కూడా చెయ్యదేమో అనుకున్నాడు పురుషోత్తం. అతన్ని కాపాడింది తవిటినాయుడు. ఆ మనిషికి సిద్ధాంతాలు తెలియవు, పథకాలు తెలుసు. వెనక వరసలోంచి లేచి చేతులు కట్టుకున్నాడు.

"సార్, సూత్రం మారలేదండి. సామీప్యం సామీప్యమే. ఏది సమీపంలో ఉండాలన్నదే మారిందండి. కుప్ప అన్నచోటల్లా నర్సమ్మ అని రాసుకుంటే సరిపోద్దండి."

కమిషనరు మొహం వికసించింది. అయితే ప్రతి ఇంటికీ సమీపంలో నర్సమ్మని ఏర్పాటు చేద్దామన్నాడు. ఇళ్లు పదకొండువేలు, నర్సమ్మలు పద్నాలుగుమంది. చాలరు. కాబట్టి ఉన్నవాళ్లని తియ్యడం కాదు, ఇంకో ఆరుగురిని వెయ్యాలి. హోదా: సామీప్య సహాయకురాలు. బల్లలు మళ్లీ చరిచారు. పద్నాలుగు ఉద్యోగాలు నిలబడ్డాయి, మూర్ఖత్వం కూడా చెక్కుచెదరలేదు. ఆ రెండోది తన వల్ల నిలబడిందో మొదటిది తన వల్ల నిలబడిందో పురుషోత్తం ఈనాటికీ తేల్చుకోలేకపోయాడు. శాలువా మాత్రం వాళ్లు వెనక్కి అడగలేదు.

నెల తిరక్కుండా లారీలు కుప్పలెత్తేశాయి. సగం యార్డుకి, సగం పొరుగూరికి పంపబోతే, పొరుగూరివాళ్లు ఇచ్చింది వెనక్కి తీసుకోం అని తేల్చేశారు. కొత్త పథకం పేరు "పరిచయ కార్యక్రమము". సహాయకురాలు పొద్దున్న చెత్త తీసుకెళ్లాక, సాయంత్రం వంతు ప్రకారం ఒక్కో గేటు దగ్గర పదకొండు నిమిషాలు కూర్చోవాలి. గృహస్థు ఒక గ్లాసు మంచినీళ్లు ఇచ్చి, రెండు కుశలప్రశ్నలు వెయ్యాలి. నమూనా కుశలప్రశ్నలు కరపత్రం వెనక అచ్చువేశారు. "మీ ఆరోగ్యము ఎట్లున్నది?" మొదటిది. "మీ పిల్లలు ఏమి చదువుచున్నారు?" రెండోది. పిల్లలు లేనివారి విషయంలో మొదటి ప్రశ్ననే రెండుసార్లు వేయవచ్చును. తవిటినాయుడు వాచీ పట్టుకుని వీధి చివర నిలబడేవాడు.

పురుషోత్తం ఇంటి వంతు ఒక గురువారం సాయంత్రం వచ్చింది. అతను గేటు లోపల కుర్చీ వేసి, నీళ్లు తనే తెచ్చాడు. నర్సమ్మ కుర్చీ వద్దని అరుగు మీద కూర్చుంది. కుశలప్రశ్నల కాగితం అతని జేబులోనే ఉంది గానీ తియ్యలేదు. అమ్మాయి లెక్కలు ఎలా చేస్తోందని అడిగాడు. లెక్కలు బాగానే సేస్తాది బాబూ, ఇంగిలీసే భయం అందావిడ. ఇంగ్లీషు తను చెబుతానని, అమ్మాయిని ఆదివారాలు పంపించమని చెప్పాడు. లోపల్నుంచి హైమావతి మాగాయ గిన్నెలో పెట్టి తెచ్చి ఇచ్చింది. పదకొండు నిమిషాలు దాటిపోయాయి, వీధి చివర తవిటినాయుడు దగ్గాడు.

ఆ నెల డబ్బులు పురుషోత్తం తన జేబులోంచి తీశాడు. పెళ్లాం కట్టేది పెళ్లాం కట్టింది, ఇది నాది అన్నాడు. రెండుసార్లు తీసుకోవడానికి రూలు లేదని నర్సమ్మ నవ్వింది. అయితే ఈ నెల ఆవిడది వద్దని, నాదే రాయమని బతిమాలుకున్నాడు. ఆవిడ రసీదిచ్చి, రిజిస్టరు ముందుకు తోసింది. చివరి గడి: "చెల్లించుటకు కారణము." కింద యథాప్రకారం పన్నెండు కారణాలు, అచ్చంగా అతను రాసినవే. నాకు రాయడం రాదు, మీరే రాసీండి బాబూ, అంది.

అతను పన్నెండు కారణాలూ పైనుంచి కిందికి చదివాడు. ఆఖరికి "ఇతరములు" దగ్గర ఒక మాట రాశాడు.

"ఏటి రాసినారు బాబూ?"

"సిగ్గు."

నర్సమ్మ రిజిస్టరు మూసి చంకలో పెట్టుకుంది.

"అది ముందే ఉంటే ఇన్ని కాయితాలెందుకు బాబూ," అని తర్వాతి ఇంటికెళ్లింది.

కథ ఇక్కడితో అయిపోతే పురుషోత్తం మారిపోయాడని చెప్పుకోవచ్చు. పదిరోజులకి పురపాలక సంఘం నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. రిజిస్టర్లు తనిఖీ చేయగా ఒక గృహస్థు విషయంలో చెల్లింపుకి కారకం "సిగ్గు" అని నమోదైనట్టు తేలిందని, పట్టణ ప్రజలలో సదరు పదార్థము ఏ మేరకు కలదో, లేనిచోట ఏ విధముగా సరఫరా చేయవచ్చునో ప్రొఫెసర్ గారు అధ్యయనము చేయగలరని అందులో ఉంది. ఫలితాన్ని "మజ్జి పురుషోత్తం రెండవ సూత్రం"గా వ్యవహరిస్తామని కూడా ఉంది.

అబద్ధమెందుకు, అతను ఆ ముక్కని రెండుసార్లు చదువుకున్నాడు. రెండవ సూత్రం. మొదటి సూత్రం చాలామందికి ఉంటుంది. తెల్లవారుజామునే లేచి, బల్ల ముందు కూర్చుని, తెల్లకాగితం తీసి మొదటి ప్రశ్న రాశాడు. "మీకు సిగ్గు ఉన్నదా? (అ) ఉన్నది (ఆ) లేదు (ఇ) చెప్పలేను." రాసినదాన్ని తనే చదువుకున్నాడు. జవాబు ఏది పెట్టాలా అని కలం అక్షరాల మీద కాసేపు తిప్పాడు.

వీధిలో చెత్తబండి ఈల వినబడింది. అతను కాగితం నలిపి నీలం బకెట్లో వేసి, బకెట్టు తనే పట్టుకుని గేటు దాకా వెళ్లాడు. నర్సమ్మ బకెట్టు అందుకుని, బండిలో వంచుతూ లోపలికి తొంగిచూసింది.

"ఈసారి ఒక్క కాయితమే బాబూ," అంది. "నయమే."